నీడ ఉన్న బావి

ఆఫీసులో ఆయన్ని అందరూ ఎదురుగా సార్ అనేవారు, వెనక నీడలాయన అనేవారు. ఆ సంగతి ఆయనకి తెలియదనుకుంటే పొరపాటే. వెనక ఎవరేం అనుకుంటున్నారో పసిగట్టడంలో ఆయన్ని మించినవాడు ఆ మూడంతస్తుల భవనంలో లేడు. పాలవాడి ఎదురుగానే గిన్నెలో వేలు ముంచి చూసే మనిషి. గడియారం బాగుచేయించి తెచ్చుకుంటే రెండు రోజులు పక్కింటివాళ్ళ గడియారంతో సరిచూసుకునే మనిషి. పెళ్ళి ఫోటోలు చేతికి రాగానే పెళ్ళికూతుర్ని చూడకుండా నీడ ఎటు పడిందో చూసి, ఇది పదింటికి కాదు, ఒంటిగంట దాటాక తీసిందని తేల్చాడట. ఆ మాట ఆయన భార్య ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వుతుంది. ఆయన మాత్రం నవ్వడు, ఒంటిగంట దాటిందన్నది నిజమేగా అంటాడు.

ఆయన పని విమానంలోంచి తీసిన ఫోటోలు చదవడం. నేలని కొలిచి మ్యాపులు వేసే ఆఫీసు అది. కింది అంతస్తులో, ఉత్తరం వైపు కిటికీలున్న పొడుగాటి గదిలో, ముప్పై ఒక్క ఏళ్ళు ఆ పనే చేశాడు. విమానం తిన్నగా పోతుంటే దాని పొట్టలో ఉన్న కెమెరా కొన్ని సెకన్లకొక ఫోటో తీస్తుంది. ఒక ఫోటోలో ఉన్న నేల సగానికి పైగా తరవాతి ఫోటోలోనూ ఉంటుంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి, నాలుగు కాళ్ళ స్టీరియోస్కోపులోంచి ఎడమ కన్నుతో ఎడమదాన్నీ కుడి కన్నుతో కుడిదాన్నీ చూడాలి. ఒక నిమిషం ఏమీ ఉండదు. తరవాత ఉన్నట్టుండి కాగితంలోంచి మేడలు లేచి నిలబడతాయి, గుట్టలు ఉబ్బుతాయి, వాగులు లోపలికి దిగుతాయి. మొదటిరోజు ఆయన ఒక డాబా పిట్టగోడని ముట్టుకోబోయాడు. వేలు చదునైన కాగితానికి తగిలేసరికి ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు.

చూసినవాడు ఒకడున్నాడు, ఆయనకి పని నేర్పిన పెద్దాయన. పెద్దాయనకి ఈ విద్య చరిత్రంతా నాలుక చివర ఉండేది. ఇది పుట్టింది సరదాకి, పెరిగింది అనుమానంతో అనేవాడు. నూటయాభై ఏళ్ళ కిందటే ఎవరో బెలూను ఎక్కి, తడి గాజుపలక ఆరిపోయేలోగా ఆ బుట్టలోనే బొమ్మ కడిగే ఏర్పాటు చేసుకుని ఫోటో తీశాడు. తరవాత గాలిపటాలకి కెమెరాలు కట్టారు. పావురాల రొమ్ముకి వేలెడంత కెమెరా తగిలించి వదిలారు. అక్కడిదాకా సరదా. యుద్ధాలొచ్చాక ఒకడు దాచడం, ఇంకొకడు పైనుంచి వెతకడం మొదలైంది. చెక్కతో దొంగ ఫిరంగులు చేసి పెడితే, వాటిని పట్టించింది నీడలే. కొమ్మలు నరికి మీద కప్పుకుంటే, కంటికి పచ్చగానే కనిపించే ఆ చచ్చిన ఆకుల్ని పట్టుకునే ఫిల్మును కనిపెట్టారు. ఆ తరవాత ఉపగ్రహాలు వచ్చాయి. మొదట్లో అవి తీసిన ఫిల్మును డబ్బాలో పెట్టి పారాషూట్‌తో కిందికి వదిలితే, దాన్ని గాల్లో ఉండగానే విమానం కొక్కెంతో పట్టుకునేదట. ఇన్ని కష్టాలూ పక్కవాడి మాట నమ్మలేకే కదా అని ముగించేవాడు పెద్దాయన.

అదే వారంలో పెద్దాయన ఒక జంట ప్రింట్లు పెట్టి చూడమన్నాడు. చూస్తే నది గట్టు మీద పారుతోంది, ఇళ్ళన్నీ గోతుల్లా ఉన్నాయి. కొత్త ఉద్యోగి బిక్కమొహం వేశాడు. ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ మార్చి పెడితే అంతేరా అబ్బాయ్ అన్నాడు పెద్దాయన. గొయ్యి కొండవుతుంది, కొండ గొయ్యవుతుంది, నీ కంటికి ఏ తేడా తెలియదు. అందుకే నీడని అడగాలి. ఇంకో మనిషిని కూడా అడగాలి. ప్రతి షీటు అడుగున చూసినవారు, సరిచూసినవారు అని రెండు గళ్ళు ఉండేది అందుకే.

నీడని అడగడం ఆయనకి బాగా వంటబట్టింది. రెండో మనిషిని అడగడం మాత్రం ఒంటికి పడలేదు.

ఆరేళ్ళ కిందట ఆయన చెల్లెలు ఊరి చివర కొత్తగా వేసిన కాలనీలో స్థలం చూసుకుంది. ఒక్కగానొక్క చెల్లెలు. ఆయన అనుమానించకుండా మాట్లాడే మనిషి ఈ భూమ్మీద ఎవరైనా ఉన్నారంటే ఆమే. స్థలాలు అమ్మే కంపెనీ నేల గట్టిదని చెప్పింది. కంపెనీ మాట నమ్మేంత వెర్రివాణ్ణి కాదని, ఆ కాలనీ నేల పరీక్ష షీటు తన బల్ల మీదికి వచ్చేలా చూసుకున్నాడు. ఇప్పుడక్కడ ఉన్నది చదునైన మైదానం. అంతకుముందు ఏముండేదో తెలియాలంటే పాత ప్రింట్లే దిక్కు. ఆయన ఉద్యోగంలో చేరిన ఏడాది తీసిన ప్రింట్ల కవరు బయటికి తీశాడు. చెల్లెల్ని కూడా ఆఫీసుకి రమ్మని, ఎత్తు స్టూలు వేసి కూర్చోబెట్టాడు. ఆమెకి అర్థం కావాలని, గోడకున్న మ్యాపుతో కలిసేలా ఉత్తరం పైకి ఉంచి ప్రింట్లు పేర్చాడు.

చూస్తే బోడినేల. చెట్టూ చేమా లేదు. మధ్యలో వెడల్పాటి మిట్ట, దాని పక్కన ఒక బావి, బావి నుంచి సన్నటి పిల్లకాలువ. ఆ మిట్టని తవ్వి చదును చేశారన్నమాట, అంటే అడుగున మిగిలింది గట్టినేల. చెల్లెలు అద్దాల మీద వంగి చూసి, భలే ఉంది అన్నయ్యా, మనం ఉండబోయేది మిట్ట మీదా అని చిన్నపిల్లలా సంబరపడింది. ఆ సంబరం చూసి ఆయన కడుపు నిండిపోయింది. సరిచూడాల్సిన ఎదురుబల్లాయనతో ఆ నెలంతా ఆయనకి మాటల్లేవు. అతను స్థలాల దళారులతో తిరుగుతాడని నీడలాయన అనుమానం. రుజువు మాత్రం లేదు. దాంతో షీటుని అతని కంటపడనివ్వకుండా సొరుగులో పెట్టి తాళం వేసి, ఒక్క సంతకంతోనే పైకి పంపాడు. నీడలాయన చూశాక సరిచూసేదేముందని పైవాళ్ళూ ఊరుకున్నారు. ఆ రెండో గడి ఖాళీగానే ఉండిపోయింది.

ఇల్లు లేచింది. ఐదేళ్ళు బాగానే ఉంది. ఈ ఏడు వానలు వెలిశాక వంటగది గోడ మీద సన్నటి బీట కనిపించింది. నెల తిరిగేసరికి అందులో వేలు పట్టింది. తలుపులు మూసుకోవడం మానేశాయి. చెల్లెలు పిల్లల మంచాలు ఆ గోడ పక్కనుంచి తీసి ముందుగదిలో వేసింది.

ఇంక అనుమానించడానికి ఒక్కడే దొరికాడు, ఇల్లు కట్టిన మేస్త్రీ. సిమెంటు తగ్గించి ఇసుక కొట్టాడన్నాడు నీడలాయన. బావగారు, అంటే చెల్లెలి భర్త, ఆ మాట పట్టుకుని వార్డు ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చాడు. నేరం రుజువైతే మేస్త్రీ లైసెన్సు పోతుంది, ఆ ఊళ్ళో మళ్ళీ తాపీ పట్టుకునే వీలుండదు. విచారణ సోమవారం. సాక్ష్యం నీడలాయన షీటు, సాక్షి నీడలాయన.

మేస్త్రీ బక్కపలచని మనిషి, యాభై దాటాయి. ఒకరోజు తనంతట తానే ఫోటోల గదికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేల కుంగుతోంది సార్, గోడ తప్పు కాదన్నాడు. అక్కడ ఒకప్పుడు ఇటుకల బట్టీ ఉండేదని, మట్టి తవ్విన గొయ్యిని చెత్తతో పూడ్చారని ఆ పక్కన కాపురమున్న ముసలావిడ చెప్పిందన్నాడు. నీడలాయనకి ఒళ్ళు మండింది. బట్టీ అంటే పొగగొట్టం ఉండాలి కదయ్యా, నా షీటులో పొగగొట్టమే లేదు, బావి ఉంది, అని షీటు తీసి వేలు పెట్టి చూపించాడు.

"సరే, కుంగే నేలే అనుకుందాం. పునాది తవ్వింది నువ్వే కదా. అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

మేస్త్రీ ఏదో చెప్పబోయి మానేశాడు. షీటు వంక, ఆయన వంక చూసి తలదించుకున్నాడు. దొరికిపోయాడు దొంగ అనుకున్నాడు నీడలాయన. మనుషులు నీళ్ళు నమిలేది ఎప్పుడో ఆయనకి తెలియదా?

ఫిర్యాదు నకలు మూడో అంతస్తుకి కూడా వెళ్ళింది. అక్కడ ఉపగ్రహాల విభాగం ఉంది. అందులో పనిచేసే ఆవిడకి ముప్పై ఐదు ఉంటాయి. మెత్తగా మాట్లాడుతుంది, కానీ మాట మార్చదు. ఆ అంతస్తంటేనే నీడలాయనకి గిట్టదు. అంకెలకి రంగులేసి ఫోటో అంటారేమిటి అని ఆయన గొణుగుడు. ఆవిడే కిందికి దిగివచ్చి ఆయన బల్ల మీద ఒక కాగితం పరిచింది. పన్నెండు రోజులకొకసారి అదే చోటు మీదుగా పోయే ఉపగ్రహం రాడారు కిరణం పంపి, తిరిగొచ్చినదాన్ని కొలుస్తుందట. మబ్బున్నా ఫరవాలేదట. కాలనీ అంతా ఆకుపచ్చగా ఉంది, ఒక మూల మాత్రం ఎర్రగా ఉంది. ఆ ఎర్రటి చోటు ఏడాదికి వేలి మందాన కిందికి దిగుతోందంది ఆవిడ. చెల్లెలి ఇల్లు సరిగ్గా దాని నడుమ ఉంది.

ఆయన కాగితం వైపు కాదు, ఆవిడ వైపు చూశాడు. విచారణకి నాలుగు రోజులుందనగా ఈ కాగితం ఎక్కణ్ణించి ఊడిపడింది? మీ ఇల్లెక్కడమ్మా అని అడిగాడు. ఆవిడ వీధి పేరు చెప్పింది. అది మేస్త్రీ ఉండే వీధికి రెండో వీధి! ఆ సాయంత్రం ఆయన ఆ వీధంతా నడిచి, ఆవిడ ఇంటి ముందు కొత్తగా ఉన్న ప్రహరీ గోడని చూసి తల పంకించాడు. మేస్త్రీ గోడ కట్టి ఇచ్చి కాగితం రాయించుకున్నాడన్నమాట. ఇలాంటి లెక్కలు ఆయన మనసులో క్షణంలో తేలిపోతాయి.

శుక్రవారం భోజనాల వేళ గది ఖాళీ అయింది. ఆవిడ రంగుల కాగితం గాలి తీసేయాలని, ప్రింట్లు దాచే గదిలోంచి ఆ పాత కవరు తెచ్చుకుని కూర్చున్నాడు. జంట ప్రింట్లు తన పెన్సిలు గుర్తుల మీదే పెట్టాడు. చూశాడు. మిట్ట అలాగే ఉంది, ఉబ్బెత్తుగా, నిక్షేపంగా. బావి ఉంది. అమ్మయ్య అనుకున్నాడు.

అయినా ఊరికే వదిలే మనిషి కాదు కదా. ఆవిడ ఏం అడ్డుచెబుతుందో ముందే చూసుకోవాలని పిల్లకాలువ వెంట మెల్లగా కన్ను పోనిచ్చాడు. కాలువ బావి దగ్గర మొదలైంది. సూటిగా సాగింది. బోడినేల మధ్య టక్కున ఆగిపోయింది. అక్కడ పొలం లేదు, పాదు లేదు, తొట్టి లేదు. నీళ్ళు ఎవరి కోసం పారాయి? ఇంకో మూల ఒక లారీ ఆగి ఉంది. దాని పక్కన గోరంత నీడ. ఆ నీడ ఎటు పడిందో ఈ కాలువా సరిగ్గా అటే సాగింది.

ఆయన అద్దాల మీద నుంచి తలెత్తాడు. కాలువ కాదది, నీడ. బావికి నీడ ఎక్కడైనా ఉంటుందా?

ప్రింట్ల అంచున ఉన్న నంబర్లు చూశాడు. ఆ రోజు విమానం తూర్పుకి వెళ్ళి, అరక తిప్పినట్టు వెనక్కి మళ్ళి పడమటికి వచ్చింది. తిరుగుదారిలో తీసిన ప్రింట్లను ఉత్తరం పైకి ఉంచి చూస్తే పెద్ద నంబరుది ఎడమ పక్కకి రావాలి. ఆరేళ్ళ కిందట, చెల్లెలు పక్కన కూర్చుని ఉంటే, ఆ ఆనందంలో ఆయన మామూలు వరసలోనే పేర్చేశాడు. నిన్న చేరిన కుర్రాళ్ళకి ఆయన చెప్పే మొదటి పాఠం ఇది. ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి మళ్ళీ వంగాడు. ఒక్క నిమిషం ఏమీ లేదు. తరవాత బావి కాగితంలోంచి పైకి లేచింది. పొడుగ్గా, గుండ్రంగా, పొగగొట్టం. దాని పక్కన మిట్ట ఉండాల్సిన చోట, మెట్లు మెట్లుగా తవ్వుకుంటూ పోయిన పెద్ద గొయ్యి.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తన చేతులతో తన చెల్లెల్ని, పిల్లల్ని తీసుకెళ్ళి చెత్త పూడ్చిన గోతి మీద కూర్చోబెట్టాడు. ఆ తరవాత ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది, రాలేదని ఎందుకు అబద్ధమాడాలి? ఈ పాత ప్రింట్ల జోలికి వచ్చేవాళ్ళు ఇప్పుడు ఈ భవనంలో ఆయన తప్ప లేరు. ఎదురుబల్లాయన రిటైరై మూడేళ్ళయింది. కవరు తిరిగి అరలో పెట్టేస్తే ఎవరికీ తెలియదు. ఇంకో రెండేళ్ళలో తనూ వెళ్ళిపోతాడు. మేస్త్రీ ఒక్కడే పోతాడు. ఆయన కవరు చేతిలోకి తీసుకుని అరదాకా వెళ్ళి, అక్కడ నిలబడి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. గుమ్మంలో తలదించుకుని నిలబడ్డ మనిషి కళ్ళముందు నుంచి కదలడం లేదు.

మూడో అంతస్తుకి ఎక్కడం ఆయనకి అదే మొదటిసారి. ఆవిడని కిందికి రమ్మని, స్టూలు వేసి కూర్చోబెట్టాడు. కళ్ళు కుదురుకోవడానికి నిమిషం పడుతుందని చెప్పాడు.

"ఏం కనిపిస్తోందో నువ్వే చెప్పమ్మా. నేనేమీ చెప్పను."

ఆవిడ చాలాసేపు వంగి చూసింది. "గొయ్యి సార్. పక్కన పొగగొట్టం."

కొత్త షీటు రాశాడు. సరిచూసినవారు అన్న గడి ఆవిడ ముందుకి జరిపాడు. సంతకం పెడుతుంటే ఆగలేక, మీ ప్రహరీ గోడ ఏ మేస్త్రీ కట్టాడని అడిగేశాడు. ఆవిడ తెల్లబోయింది. అది మేం కొనేనాటికే ఉంది సార్, మొన్న రంగేయించామంతే అంది. ఆయనకి ఇంకేమీ అడగాలనిపించలేదు.

ఆదివారం చెల్లెలి ఇంటికి వెళ్ళి, బీటలిచ్చిన గోడ ముందే నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పాడు. బావగారు కుర్చీలో కూలబడ్డాడు. చెల్లెలు ఇంటి గురించి ఒక్క మాటా అడగలేదు.

"మొన్న ఆ మేస్త్రీ వచ్చి గుమ్మం ముందు నిలబడి మంచినీళ్ళు అడిగితే తలుపేసుకున్నాను అన్నయ్యా" అంది. ఆ మాట అని లోపలికి వెళ్ళిపోయింది. అన్న వచ్చిన రోజున అన్నం తినమని ఆమె అనకపోవడం అదే మొదలు.

సోమవారం వార్డు ఆఫీసులో పొడుగాటి బల్ల వెనక ఇంజనీరు, ముందు నాలుగు కుర్చీలు. మేస్త్రీ కూర్చోలేదు. నీడలాయన రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి, పాతది తప్పని, తప్పు తనదని, నేల కుంగడం వల్లే గోడ బీటలిచ్చిందని, మేస్త్రీ పనిలో లోపం లేదని చెప్పాడు. ఇంజనీరు కొత్త షీటు మీద రెండు సంతకాలూ చూసి, ఫిర్యాదు కొట్టేస్తున్నానన్నాడు. ఆ మూలన ఉన్న ఇళ్ళన్నీ పరీక్షించమని రాసుకున్నాడు. మేస్త్రీని ఏమైనా చెప్పుకునేది ఉందా అని అడిగాడు.

మేస్త్రీ ఇంజనీరు వైపు కాకుండా నీడలాయన వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు.

"తవ్వినప్పుడే ఎందుకు చెప్పలేదని ఆ రోజు అడిగారు కదా సార్. మూడో అడుగులోనే గడ్డపార మెత్తగా దిగింది. ఇటుక ముక్కలు కూడా తగిలాయి. పని ఆపేసి చెప్పాను. మీ బావగారు ఈ షీటు తెచ్చి చూపించారు. మీరు చూసిందన్నారు. మీరు చూశాక ఇంకేముంటుంది, నా చేతిదే పొరపాటు అనుకుని కట్టేశాను."

ఇన్నేళ్ళలో తన చేతికన్నా నీడలాయన కన్నునే ఎక్కువగా నమ్మిన మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆ మనిషినే ఆయన దొంగ అన్నాడు. బావగారు కిటికీ వైపు చూస్తున్నాడు. ఇంజనీరు కాగితాలు మడిచి పక్కన పెట్టి, బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో తరవాతివాళ్ళని రమ్మన్నాడు.